సముద్రానిది ఏది, మనది ఏది

వ్యాను ఆగీ ఆగకముందే తలుపు తెరుచుకుంది. రెండో తరగతి మొత్తం ఇసకలోకి ఒలికిపోయింది. ఒలికిపోవడమే మరి, గోళీల సంచి బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా. ఒకడు కుడికి, ఒకడు ఎడమకి, ఇంకొకత్తె సరాసరి నీళ్లకేసి. టీచరు ఈల ఊదింది. ఆ హోరులో ఆ ఈల ఆమెకే వినబడలేదు.

టీచరంటే మరీ పెద్దదేం కాదు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు. పాఠంలో నవ్వొచ్చే చోటు వస్తే పిల్లలకంటే ముందు ఆమే నవ్వేస్తుంది. మెడలో ఈల, భుజాన నీళ్ల సీసాల సంచి, చేతిలో తొడుగుల పెట్టె, చంకలో రెండు బుట్టలు. అలా దిగుతుంటే డ్రైవరు వెనక నుంచి తాపీగా అన్నాడు.

"అమ్మడూ, పాఠానికొచ్చావా, కాపురం పెట్టడానికొచ్చావా?"

ఆ డ్రైవరు ఆమెకి సొంత మేనమామ. అయితే ఆమె ఒక్కదానికే కాదు, బళ్లో పిల్లలందరికీ ఆయన మామయ్యే. పెద్ద మేడం కూడా ఓసారి నోరు జారి "హారన్ కొట్టకండి మామయ్యా" అనేసింది. ఆ మాట ఆయన ఇప్పటికీ కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరుగుతుంటాడు.

పెద్ద మేడం ఆరోజు వ్యానులోనే వచ్చింది. అసలు సంగతంతా అక్కడే ఉంది. పిల్లలకి నాలుగు గోడల మధ్య కాకుండా బయట పాఠం చెప్పాలని టీచరు మొదట్నుంచీ పట్టుబట్టింది. సరేనని ఓసారి పోస్టాఫీసుకి పంపితే, ప్రతిదానికీ ఎందుకూ ఎందుకూ అని ప్రాణం తీసే పిల్లాడొకడు, వాడి పేరే 'ఎందుకు' అయిపోయింది, ఉత్తరాల పెట్టెలో చెయ్యి పెట్టి ఇరుక్కుపోయాడు. సబ్బునీళ్లు పోసి లాగాల్సి వచ్చింది. ఎందుకు పెట్టావురా అంటే, ఉత్తరం లోపల ఎక్కడికెళ్తుందో చూద్దామని అన్నాడు. దాంతో పెద్ద మేడం టీచర్ని గదికి పిలిచి, ఇంకొక్క అవకాశం ఇస్తానంది. తను కూడా వచ్చి కళ్లారా చూస్తుందట. పిల్లలకి ఏమైనా ఒంటబట్టిందా, ఇక ప్రతి నెలా బయట పాఠమే. ఒంటబట్టలేదా, సముద్రం బొమ్మ గోడ మీద ఎలాగూ ఉంది, దాన్నే చూపించి చెప్పుకోవాలి.

అందుకని టీచరు వారం రోజులు తిండి మీద ధ్యాస లేకుండా పాఠం తయారు చేసుకుంది. వంటగదిలో కూర్చుని, మాసిన బట్టలు వేసే బుట్టలు రెండు ఖాళీ చేసి, అట్టముక్కలు కత్తిరించి, లావుపాటి అక్షరాలతో నీలం బుట్టకి 'సముద్రానిది' అనీ, ఎర్ర బుట్టకి 'మనది' అనీ రాసి కట్టింది. సముద్రం చేసినవన్నీ నీలం దాంట్లోకి. గవ్వలు, ఆల్చిప్పలు, నాచు, ఉప్పునీళ్లకి నునుపు తేలిన కొయ్యముక్కలు. మనుషులు పారేసినవన్నీ ఎర్ర దాంట్లోకి. 'చెత్త' అని రాయొచ్చుగా అని వాళ్లమ్మ అడిగితే ఆమె ఒప్పుకోలేదు. చెత్త అంటే ఎవరిదో అయిపోతుందట. 'మనది' అంటే చటుక్కున గుచ్చుకోవాలట. ప్రతి పిల్లా పిల్లాడూ ఒక సీసా మూత చేత్తో పట్టుకుని, తల వంచుకుని, ఇది మనది అనుకోవాలి. ఆ ఊహకే ఆమెకి ఒళ్లు పులకరించింది. మామయ్య అట్టముక్కల్ని తిప్పి తిప్పి చూసి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, బుట్టలే వంకరగా ఉన్నాయి అని తేల్చి, అల్మారాలో మిగిలిన బిస్కెట్లన్నీ తినేసి వెళ్లాడు.

ఇంతకీ ఒడ్డున పిల్లల్ని పోగేసేసరికి టీచరు గొంతు సగం అరిగిపోయింది. చేతులకి తొడుగులు వేసుకోవాలి, గాజుపెంకు కనబడితే ముట్టుకోకుండా మామయ్యని పిలవాలి, నీళ్లు పాదాలు దాటకూడదు. ఇవన్నీ చెప్పి, తర్వాత అసలు మాట చెప్పింది. దొరికిన ప్రతిదాన్నీ చూడండి, ఇది ఎవరిదని అడగండి, సముద్రానిదైతే ఆ బుట్ట, మనదైతే ఈ బుట్ట. పిల్లలు అర్థమైందని ఎంత గట్టిగా అరిచారంటే పక్కన ఇసకలో వాలిన పిట్టలన్నీ లేచిపోయాయి. అంత గట్టిగా అర్థమైందంటే అనుమానించాలని ఆమెకి ఇంకా అనుభవం లేదు, పాపం.

బుట్టలు పైన, వ్యాను దగ్గర, మామయ్య కాపలాలో ఉన్నాయి. పెద్ద మేడం ఓ మడత కుర్చీ వేయించుకుని, సముద్రం కూడా తన బళ్లో పిల్లాడే అన్నట్టు, దాని అల్లరి వంక చూస్తూ కూర్చుంది. టీచరు తడి ఇసకలో మోకాళ్ల మీద కూలబడింది. ఇక చూడండి ఆమె సంబరం.

ఒకడు నల్లటి సంచిలాంటిది తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. ప్లాస్టిక్కని తేల్చేశాడు. కాదంది టీచరు. ఒక చేప దాని గుడ్డుని దీంట్లో పెట్టి పోతుందనీ, లోపల పిల్ల పెరిగి, ఓ మూల చీల్చుకుని బయటికి ఈదిపోతుందనీ చెప్పింది. పిల్లలంతా తలకాయలు తలకాయలకి కొట్టుకునేలా వంగారు. ఆ చీలిక దొరికింది. ఒకత్తె దాంట్లోకి ముక్కు పెట్టి, లోపల చేపపిల్ల వాసన ఇంకా ఉందంది. అంతే, అందరూ వాసన చూడాల్సిందే.

ఇంకొకత్తె తెల్లగా, గుడ్డులా కోలగా, దూదంత తేలిగ్గా ఉన్న పెంకు తెచ్చింది. గోటితో గీస్తే పొడి రాలింది. చాలా చేతులున్న ఒక జీవి ఒంటి లోపల ఇది ఉంటుందనీ, అది నీళ్లలో తేలాలన్నా మునగాలన్నా దీని సాయమేననీ టీచరు చెప్పింది. అంచున సన్నటి చిల్లున్న గవ్వ వచ్చింది. ఆ చిల్లు ఇంకో నత్త తొలిచిందని, లోపల ఉన్నదాన్ని తినేసిందని చెబితే మగపిల్లలు కేరింతలు కొట్టారు. పీతలు తమ బొరియల చుట్టూ ఉండలు చుట్టి పెట్టిన ఇసక చూపిస్తే, ఎందుకని అడిగాడు 'ఎందుకు'. ఇసకలో తిండి ఏరుకుని మిగతాది ఉండ చేసి పక్కన పెడతాయంది. నేను కూడా అన్నంలో అలాగే చేస్తే మా అమ్మ ఎందుకు తిడుతుందని అడిగాడు. టీచరు ఇంకో బొరియ చూపించింది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి పిల్లల కేక. చూస్తే, నెత్తి నుంచి నడుం దాకా నాచు వేలాడేసుకుని ఒక భూతం నిలబడి ఉంది. దాని కాళ్లకి మామయ్య చెప్పులున్నాయి. టీచరు నిలువునా మండిపడింది. పెద్ద మేడం చూస్తోంది, పరువు తీయొద్దు, బుట్టల దగ్గరికి పొమ్మంది.

"మామయ్యా, నాచు ఎవరిది?" అని 'ఎందుకు' అడిగాడు.

"సముద్రానిదేరా. పొద్దుగూకేదాకా అద్దెకి తీసుకున్నాను" అన్నాడు భూతం.

ఇలా ఒకటా రెండా. పిల్లలు తెస్తున్నారు, ఆమె చెబుతోంది, పిల్లలు బుట్టలకేసి పరుగెడుతున్నారు, మళ్లీ వస్తున్నారు. గుండె నిండిపోయింది ఆమెకి. ఎవరు ఏ బుట్టలో ఏం వేస్తున్నారో ఇంత దూరం నుంచి కనబడదు కదా. కనబడింది ఒక్క మామయ్యకే. ఆయన బుట్టలకేసి చూశాడు, పిల్లలకేసి చూశాడు, మేనకోడలికేసి చూశాడు. నోటిదాకా వచ్చిన మాటని నాచుతో సహా మింగేశాడు. ఇంత మంచి తమాషాని తొందరపడి పాడు చేయడం ఆయన రక్తంలోనే లేదు.

ఎండ ముదిరింది. టీచరు ఈల ఊది అందర్నీ పోగేసి, పెద్ద మేడం వైపు ఓ చూపు చూసి, వారమంతా అద్దం ముందు చెప్పుకున్న మాట చెప్పింది.

"ఇప్పుడు సముద్రానిది సముద్రానికి ఇచ్చేద్దాం. మనది మనతో తీసుకెళ్దాం. సరేనా?"

ఇంకేముంది. చీమలు చక్కెర పలుకుని పట్టుకున్నట్టు పిల్లలంతా నీలం బుట్టని పట్టుకున్నారు. ఏలేలో అని పాడుతూ నీళ్లకేసి లాక్కుపోయారు. టీచరు ఆ సందులో పెద్ద మేడం పక్కకి వచ్చి, గవ్వల్ని ఇంటికి తీసుకెళ్లకూడదండీ, ఖాళీ గవ్వలో కూడా ఏదో ఒక చిన్న పీత కాపురముంటుంది, అందుకే తిరిగి ఇచ్చేయడం నేర్పుతున్నాను అని వివరంగా చెబుతోంది. మేడం మొహంలో మెచ్చుకోలు కూడా మొలిచింది. మొలిచినట్టే మొలిచి ఆగిపోయింది.

"టీచరుగారూ, గవ్వలు తేలతాయా?" అంది.

తిరిగి చూసింది టీచరు. నీళ్ల మీద థర్మాకోల్ ముక్కలు పడవల్లా బయల్దేరాయి. వాటి వెనక సీసాలు, సీసాల వెనక మూతలు, స్ట్రాలు, చాక్లెట్ కాగితాలు, ఒక పచ్చ వల ముక్క. పిల్లలు బుట్ట బోర్లించి, అడుగున అతుక్కున్న బుడగ ముక్కని కూడా గీకి మరీ సముద్రానికి సమర్పిస్తున్నారు. ఎర్ర బుట్టలోకి చూస్తే, 'మనది' అన్న అట్ట కింద, గవ్వలు, చేప సంచులు, తెల్ల పెంకులు, కొయ్యముక్కలు, ఒకటికంటే ఒకటి అందమైనవి, ఎవరి ఇంటికి వాళ్లు పట్టుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

టీచరుకి గోడ మీద సముద్రం బొమ్మ కళ్ల ముందు మెదిలింది. కానీ ఏడవడానికి టైమెక్కడిది. ఒక సీసా అప్పుడే అల మీదెక్కి ఊగుతోంది. చెప్పులు విదిల్చి, పాంటు మోకాళ్ల దాకా మడిచి, ఆమె నీళ్లలోకి దూకింది. అదృష్టం ఏమిటంటే నీళ్లు పోటు మీద ఉన్నాయి, ప్రతి అలా ఎంతో కొంత వెనక్కి నెట్టుకొస్తోంది. పెద్దవాళ్లు మోకాళ్ల లోతులో, పిల్లలు తడి ఇసక మీద వరసగా. వచ్చిందాన్ని వదలకండి అని ఆమె కేక. నాచు భూతం అప్పటికే నడుం లోతులో ఉంది, రెండు చేతులా రెండు సీసాలు, పళ్ల మధ్య వల ముక్క. కుర్చీ ఖాళీగా ఉందేమిటా అని చూస్తే, పెద్ద మేడం కూడా నీళ్లలోనే ఉంది. మొహం మాత్రం బళ్లో ఉన్నట్టే గంభీరంగా పెట్టుకుని, ఒక థర్మాకోల్ ముక్క వెంట పడి దాన్ని అదిలిస్తోంది. పిల్లలకి పండగే పండగ. అల రావడం, అందరూ గోల్ కీపర్లలా వంగడం, ఒకడి కాళ్ల సందులోంచి మూత జారిపోవడం, పక్కవాడు దాని మీద బోర్లా పడిపోవడం. పట్టుకున్నదాన్ని ఒడిలో దాచుకుని మళ్లీ పరుగు.

దొరికినవన్నీ ఒక కుప్ప పోశాక, అందరూ ముద్దగా తడిసి ఒగరుస్తూ నిలబడ్డారు. పెద్ద మేడం జుట్టులోంచి ఓ స్ట్రా తీసి కుప్పలో పడేసి, ఎవరు చెప్పారు మీకు ఇలా చేయమని అని అడిగింది.  ఈ క్లాసులో ఒక పిల్ల ఉంది. ఎవరికి దెబ్బ తగిలినా తప్పెవరిదో ఆ పిల్లే తీర్పు చెబుతుంది. అందుకని అందరూ లాయరంటారు. ఆ లాయరు ఒక అడుగు ముందుకేసింది.

"మేడం, సముద్రంలోంచి వచ్చినవి సముద్రానివి. మాకు నచ్చినవి మావి. టీచరే కదా మనది మనతో తీసుకెళ్దాం అంది. పాత మూత నాది అని ఎవరంటారు? మీరంటారా?"

పెద్ద మేడం ఈ బళ్లో పెద్ద మేడం కాకముందు చాలాకాలం తెలుగు చెప్పింది. ఆవిడ ఎర్ర బుట్ట వంక చూసింది, ఆ అట్ట మీద మాట చదివింది, ఇంకోసారి చదివింది. టీచరు తల దించుకుంది. ఉన్న ఒక్క అవకాశం సీసా మూతలతో పాటు తేలిపోయిందనుకుంది.

"పిల్ల చెప్పిందాంట్లో తప్పు లేదండీ. మనది అంటే, మనం దాచుకునేది. పారేసిందాన్ని మనదని ఎవరంటారు? మాట మార్చాలి మీరు" అంది మేడం.

అయితే 'మనం పారేసింది' అని రాద్దాం అని టీచరు నెమ్మదిగా అంది. దానికి పిల్లలు గొడవ లేవదీశారు. నేను పారెయ్యలేదు అంటే నేను పారెయ్యలేదు అని. ఆ బుడగ మాది కాదు, ఆ సీసా మేం తాగింది కాదు, పొద్దున మేమొచ్చేసరికే ఉంది. నిజమే కదా.  ఇదీ ఆమె వారం రోజుల ఆలోచనలో లేనిది.

'ఎందుకు' మాత్రం కుప్పకేసి చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దున ఎవరు పారేశారో తెలీదు. ఇందాక మాత్రం మనమే కదా పారేసింది" అన్నాడు.

వాడు ఏ ప్రశ్నా వేయకుండా, తనంతట తనే మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాటకి గొడవంతా చల్లారిపోయింది.  అందరూ నీళ్లకేసి తిరిగారు. చాలా లోపల, అల వెనక, ఒక నీలం మూత తళుక్కుమని, మళ్లీ మునిగి, మళ్లీ తేలింది.

"టీచర్, అదిగో. అది మనది" అంది లాయరు. ఆ పిల్ల చూపు ఆ మూత మీంచి కదల్లేదు.

చూశారా, ఆ మాట అలా గుచ్చుకోవాలనే టీచరు వారం రోజులు కూర్చుంది. అట్టముక్క మీద రాస్తే గుచ్చుకోలేదు, ఇప్పుడు గుచ్చుకుంది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి, ఉప్పునీళ్లే అని తుడుచుకుంది. లోపలికి ఎవరూ వెళ్లకూడదని అందర్నీ ఆపింది. అదే వస్తుందేమోనని అంతా చేతులు చాపుకుని నిలబడ్డారు. ఒక అల తెస్తుంది, ఇంకో అల తీసుకుపోతుంది. వచ్చినప్పుడల్లా ఇసకంతా ఊపిరి బిగబట్టింది. చివరికి అది లాయరు పాదాల దగ్గరికే వచ్చి పడింది. ఆ పిల్ల రెండు చేతులా దాన్ని పట్టుకుని పైకెత్తితే, లేచిన అరుపుకి పిట్టలు ఈసారి అసలు ఆ ఒడ్డుకే రాకుండా పోయాయి.

ఎర్ర బుట్టలో గవ్వల్ని పిల్లలు ఒక్కొక్కటే నీళ్ల అంచున పెట్టొచ్చారు. ఇష్టం లేకుండానే, కానీ పెట్టొచ్చారు. చెత్తంతా సంచుల్లో కట్టి వ్యాను పైకెక్కించారు.

అప్పుడు తెలిసింది, పెద్ద మేడం కాలికి ఒకే చెప్పు ఉందని. రెండోది ఆ హడావుడిలో ఎక్కడ జారిందో ఆవిడకే తెలీదు. పిల్లలు ఇసకంతా తవ్విపోశారు, లేదు. అలలో పోయిందన్నారు. లాయరు ఆవిడ వంక జాలిగా, కొంచెం తప్పు పట్టినట్టు చూసింది.

"మేడం, మీరు కూడా సముద్రంలో పారేశారు" అంది.

పెద్ద మేడం మిగిలిన చెప్పు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో వ్యానెక్కుతూ, టీచరుతో అంది.

"నెలకోసారి కుదరదండీ. అది ఏదో ఒక రోజు ఒడ్డుకి కొడుతుంది కదా. దొరికేదాకా వారం వారం రావాలి. వేరే దారి లేదు."

టీచరు తలూపింది, మళ్లీ తలూపింది, పిల్లలందర్నీ ఎక్కించి, ఎగరాలో కూర్చోవాలో తెలియక వచ్చి డ్రైవరు పక్క సీట్లో కూలబడింది. కాలికి మెత్తగా, తడిగా ఏదో తగిలింది. వంగి చూసింది. మామయ్య సీటు కింద, నాచు చుట్టి దాచిన చెప్పు ఒకటి, ఇంకా నీళ్లు కారుతోంది.

ఆమె మామయ్య వంక చూసింది. ఆయన ఎదురుగా రోడ్డు వంక చూస్తున్నాడు. అంత బుద్ధిమంతుడి మొహం ఆయనకి పుట్టాక ఎప్పుడూ లేదు.

"తొందరేముంది అమ్మడూ. ఓ నాలుగు వారాలు పోనీ. సముద్రమే ఇచ్చేస్తుంది" అన్నాడు, పెదాలు కదపకుండా.

వెనక పెద్ద మేడం పిల్లల తలలు లెక్కపెడుతోంది. టీచరు చుట్టూ చూసి, కాలితో ఆ చెప్పుని సీటు కిందకి, ఇంకా లోపలికి, నెమ్మదిగా తోసేసింది.